పెట్రోలు డబ్బా పైకి పట్టుకున్న మధ్యాహ్నం

నిన్న మా మేనల్లుడు పాత పికప్ వ్యాను బాగుచేస్తూ పైపు ఊడదీయగానే పెట్రోలు వాసన గుప్పుమంది. ఈ వయసులోనూ రెండడుగులు వెనక్కి వేశాను. ముందువైపు హ్యాండిల్ తిప్పితే స్టార్టయ్యే ఆ బండ్లు మీకూ గుర్తున్నాయి కదా!

అరవైలలో మా నాయిన అలాంటి పాత బండిని తెచ్చి, తానే విప్పి బాగుచేసుకున్నాడు. నాకప్పుడు పదేళ్లు. అమ్మకు నొప్పులొస్తే, అవ్వను తోడు కూర్చోబెట్టి, అందులోనే నల్లగొండ దవాఖానకు బయలుదేరాం. నకిరేకల్ దాటాక బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. వెనక అమ్మ కేకలు పెడుతోంది.

నాయిన పైపు విప్పి నోటితో ఊదాడు. ట్యాంకులో బుడబుడమంది.

"పైపు సాఫే ఉన్నది. పంపు పెట్రోలు గుంజుతలేదు."

బానెట్ తీసేసి, ఒక డబ్బాలో పెట్రోలు పోసి, రబ్బరు గొట్టంతో ఇంజనుకు కలిపాడు. నన్ను ముందు చక్రం మడ్‌గార్డు మీద కూర్చోబెట్టాడు.

"డబ్బా పైకి పట్టుకో బిడ్డా. దించితే బండి ఆగుతది. ఒలికితే అంటుకుంటది."

"భయమైతాంది నాయినా."

"అమ్మ దిక్కు చూడకు. డబ్బనే చూడు."

బండి కదిలింది. గుంత గుంతకూ పెట్రోలు డబ్బా అంచుదాకా ఎగిరింది. మోకాళ్ల దగ్గర ఇంజను కాలుతోంది. ఉన్నట్టుండి అమ్మ కేకలు ఆగిపోయాయి. చచ్చిపోయిందనుకున్నాను. తల తిప్పే ధైర్యం లేదు. ఏడుస్తూనే డబ్బా పట్టుకున్నాను.

సాయంత్రానికి దవాఖానలో తమ్ముడు పుట్టాడు. దారిలో అమ్మ కేకలు ఎందుకు ఆగిపోయాయని అవ్వనడిగాను.

"కొంగు నోట్లె కుక్కుకున్నదే. నువ్వు జడుసుకొని డబ్బ వదులుతవని."