బొగ్గు తట్టల పాట

డోలక్ వాయించేవాడికి కాస్త పొగరుంటుంది. నాకు కాస్త ఎక్కువే. పగలంతా ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసి, సాయంత్రం స్నానం చేసి డోలక్ భుజానికి తగిలించుకున్నానంటే, నా దరువు లేనిదే పాటకి ప్రాణం రాదని గట్టిగా నమ్మేవాణ్ణి. అలాంటి నాతో ఒకరోజు అప్ప, "ఈ పాటకి నీ డోలక్ వొద్దు. సేతులు కట్టుకుని కూకో" అంది. ఒళ్ళు మండిపోయింది.

అప్ప అంటే మా వైపు అక్క. నాకు తోడబుట్టినది కాదు. మద్దిలపాలెంలో జాకెట్లు కుట్టే మనిషి, చర్చిలో కీర్తనలు పాడి పెరిగిన గొంతు. మా జట్టులో పాడేది ఆవిడే. సొంతంగా ఒక్క పాటా కట్టలేదు. అన్నీ పాతవాళ్ళు కట్టినవే పాడుతుంది, కానీ ఉన్నదున్నట్టు ఎప్పుడూ పాడదు. కుట్టుమిషను తొక్కుతూ నాలుగు రోజులు పాటని ఉత్త మాటల్లా గొణుక్కుంటుంది. "ఈ ముక్క ఎవులంతన్నారు? అన్నప్పుడు ఆల నెత్తి మీద ఏటుంది?" అని మమ్మల్ని పీక్కు తింటుంది. జవాబు దొరికాక అదే పాట ఇంకోలా వస్తుంది. కొత్తగా ఒక్క మాట చేర్చదు. అయినా ఇన్నేళ్ళూ మనం ఆ పాట విననే లేదనిపిస్తుంది. ఆ విద్య నాకు ఇప్పటికీ అద్భుతమే. ఎదురుగా మాత్రం ఒప్పుకోను, ఇంక నెత్తికెక్కి కూర్చుంటుంది.

ఈసారి పట్టుకున్నది బొగ్గు తట్టల పాట. పోర్టులో తట్టలతో బొగ్గు మోసే రోజుల్లో ఒక కళాసీ, అంటే ఓడ కూలీ, కట్టినది. ముందు మగవాడు "ఎత్తరా తట్ట ఎత్తరా, ఓడ కడుపు నింపరా" అంటాడు. ఆడవాళ్ళు వంతగా "ఓడ కడుపు నిండుతాది, మా కడుపు మాటేటి?" అంటారు. అడుగులు కలవడానికి కట్టిన పాట, దంచి కొట్టాలి. అప్ప దాన్ని తిరగేసింది. దరువు తీసేసి, వంతని ముందుకి తెచ్చి, ఆగి ఆగి, "మా కడుపు మాటేటి?" అని మొదలుపెట్టింది. మగవాడి మాట ఆ తర్వాతెప్పుడో వస్తుంది.

"పాటని సంపేత్తన్నావప్పా" అన్నాను.

"సంపుతన్నానో బతికిత్తన్నానో ఆ మామ్మ సెప్తాది. ఆవిడ ఊఁ అంటేనే స్టేజీ మీద పాడతాను. నేదంటే నేదు."

మామ్మంటే ఆ కళాసీ భార్య. ఆయన పోయాక ఎవరో ఆ పాటకి కీబోర్డు తగిలించి పందిట్లో రికార్డు డాన్సు ఆడించారట. అప్పట్నుంచి ఎవరడిగినా ససేమిరా అంటోంది. పది రోజుల్లో జానపద సభ ఉంది. అప్పకి ఆ పాట తప్ప ఇంకోటి పాడాలని లేదు. ఆ మాట అంటుంటే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మామ్మ దగ్గరికి నేనూ వస్తానన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం దువ్వాడ వెళ్ళాం. మామ్మ కూతురింటి వరండాలో చింతపండు పిక్కలు తీస్తోంది. సంగతి చెప్పగానే మొహం ముడుచుకుంది.

"గెంతులెయ్యడానికొచ్చినారేటి? ఎల్లండి నాయినా, ఎల్లండి."

"గెంతులు కాదు మామ్మా. ఒక్కపాలి ఇను. వొద్దంటే ఇంకెప్పుడూ పాడను" అని అప్ప మెట్టు మీదే కూర్చుని అందుకుంది.

మొదటి ముక్కకే మామ్మ చేతులు ఆగిపోయాయి. పాట అయ్యేదాకా నా వేళ్ళు దరువు కోసం తడుముకోలేదు, అది నాకే ఆశ్చర్యం. పాట ఆగగానే మామ్మ చింతపండు పక్కకి నెట్టేసింది. అయిపోయింది, ఇంక తిట్లే అనుకున్నాను.

"ఆ ముక్క ముందెట్టమని నీకెవులు సెప్పినారే?"

"ఎవులూ సెప్పనేదు మామ్మా. అది మోసినోళ్ళ నోట్లోంచి వొచ్చే మాట. పాట అక్కడే పుట్టిందనిపించింది."

"అక్కడే పుట్టినాది. నాను అన్న మాటే అది" అంది మామ్మ. "ఓ దినం ఆకలికి కళ్ళు తిరిగి, తట్టతో ఆగిపోయి అన్నాను. ఆయన నవ్వీసి, ముందో ముక్క తగిలించి పాట కట్టీసినాడు. అందరూ ఆయన పాటనే అంతారు. ఆయనా అలాగే సెప్పుకున్నాడు."

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు అంత బాధేసేది కాదు.

"పాడు" అంది చివరికి. "ఆగినకాడ ఇంకొంచెం ఆగు. అంత బరువుతో ఊపిరి బేగి అందదు."

ఓలమ్మో, అప్పని అప్పుడు చూడాలి! మామ్మ చేతులు రెండూ పట్టుకుని, చింతపండు జిగురుతో సహా కళ్ళకద్దుకుంది.

సభ రోజు కూతురు మామ్మని ఆటోలో తీసుకొచ్చి మొదటి వరుసలో కూర్చోబెట్టింది. పాటకి ముందు కట్టినవాళ్ళ పేరు చెప్పడం మా జట్టు పద్ధతి. అప్ప రెండు పేర్లు చెప్పింది. ముందు మామ్మది, ఇంటిపేరుతో సహా. తర్వాత ఆయనది.

మైకులో తన పేరు వినబడగానే మామ్మ గబుక్కున లేచి నిలబడింది. పోర్టులో పొద్దున్నే మేస్త్రీ హాజరు పిలిచిన రోజులు గుర్తొచ్చాయేమో, చెయ్యెత్తి, హాలంతా వినబడేలా పలికింది.

"ఉన్నానయ్యా!"