కోటయ్య అన్నం తినే చెయ్యి

కరోనా తగ్గిన మరుసటి ఏడు. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో ఎంఆర్ఐ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మెదడు పరిశోధన కోసం పలు దేశాలు కలిసి ఒక డేటాబేస్ కడుతున్నాయి. ఆరోగ్యవంతుల స్కాన్‌లను పేరు, ముఖం ఆనవాళ్ళు తీసేసి ఒకేచోట పెడితే అందరూ వాడుకోవచ్చు. మన దేశం నుంచి చేరిన కొద్ది కేంద్రాల్లో మాదొకటి.

ప్రతి స్కాన్‌తో ఒక ఫారం వెళ్ళాలి. అందులో హ్యాండెడ్‌నెస్ అని ఒక గడి, అంటే ఏ చేతివాటం అని. మాటకు సంబంధించిన భాగం మెదడులో ఏ పక్కన ఉందో చూసేవాళ్ళకు అది అవసరం. ఆ గడి నింపే పని నాది. అందరికీ తేలిగ్గా ఉంటుందని "ఏ చేత్తో అన్నం తింటారు?" అని అడిగేదాన్ని. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

మేం పంపిన మొదటి విడత స్కాన్‌లు తిరుగుటపాలో వచ్చాయి. మామూలుగా పదిమందిలో ఒకరైనా ఉంటారు, మీ జాబితాలో ఎడమచేతివాటం వాళ్ళు ఒక్కరూ లేరు, సరిచూడకపోతే మీ స్కాన్‌లు చేర్చుకోలేం అని డేటాబేస్ వాళ్ళ మెయిల్. ఏడాది కష్టం. నాకు ఒళ్ళు మండింది. ఘాటుగా జవాబు రాసి, మా కేంద్రం చూసే డాక్టరుగారు చూస్తే పంపేద్దామని ఉంచాను.

ఆ రోజే మైపాడు నుంచి కోటయ్య రెండో స్కాన్‌కు వచ్చాడు. సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి. బల్ల మీద కూర్చుని, తెగిన సంచి పట్టీని నైలాన్ దారంతో ముడేస్తున్నాడు. చకచకా కదిలేది ఎడమ చెయ్యి.

"అన్నా, మీది ఎడమచేతివాటమా?"

"పుట్టినకాడి నుంచి అంతే మేడం. వల అల్లేది, తాడు లాగేది అంతా దీంతోనే."

"మరి అప్పుడు కుడి అని చెప్పినారే?"

"మీరు అన్నం సంగతి గదా అడిగినారు. ఎడమచేత్తో తింటే మా అమ్మ ఊరుకుంటాదా? వల సంగతి అడిగుంటే చెప్పుండేవాణ్ణి."

రాసిన జవాబు తీసేశాను. తప్పు నాదేనని డాక్టరుగారికి చెప్పాను. "ముందు అందరికీ ఫోన్లు చెయ్యమ్మా" అన్నారాయన. వల, కొడవలి, సుత్తి, సూది, ఎవరి పని గుర్తుచేసి వాళ్ళను అడిగాను. ఎడమచేతివాటం వాళ్ళు ఒక్కొక్కరే బయటపడ్డారు.

జాబితా పంపే ముందురోజు ఇంట్లో వంకాయలు తరుగుతున్నాను. చూసుకుంటే కత్తి నా ఎడమచేతిలో ఉంది. మా కేంద్రంలో మొట్టమొదట, పరీక్షగా తీసిన స్కాన్ నాదే. కుడి అని టిక్ పెట్టింది కూడా నేనే. సిగ్గేసింది.

జరిగింది దాచకుండా రాసి పంపాం. స్కాన్‌లు చేర్చుకున్నారు. మనిషిని అతని పని గురించి అడగాలి గాని మనకు వీలైన ప్రశ్న అడగకూడదని నేను నేర్చుకున్నది అప్పుడే. ఫారంలో కొత్త ప్రశ్న ఒకటి చేరింది: చిన్నప్పుడు మీ చెయ్యి ఎవరైనా మార్పించారా?

మా కేంద్రం నుంచి దానికి వెళ్ళిన మొదటి జవాబు నాదే. అవును, మా అమ్మ.