అంకెల మీద బొట్టు

పాత తుపాకీ అమ్మాలంటే దానికి ఇరవై ఫోటోలు తీయాలని నాకు డెబ్బై మూడో ఏట తెలిసింది. నా బతుకు మొత్తంలో నేను తీయించుకున్నవే అన్ని ఉండవు.

నాది ఒంటిగొట్టం తుపాకీ. ఇక్కడ మలేసియాలో, క్లాంగ్ ఊరు దాటాక మాకున్న చిన్న పామాయిల్ తోటలో అడవిపందులు లేత మొక్కల మొదళ్ళు తవ్వి తినేస్తుంటే లైసెన్సు తెచ్చుకుని కొన్నాను. ముప్పై ఏళ్ళ పైమాటే. ఇప్పుడు చూపు మందగించింది, చెయ్యి వణుకుతోంది. గురి కుదరని ముసలాడి దగ్గర తుపాకీ ఉండకూడదు. లైసెన్సు ఇక పొడిగించనని నేనే తేల్చుకున్నాను. అయితే గడువు తీరేలోగా అది ఇంకొక లైసెన్సుదారుడి పేరుకి మారకపోతే పోలీసులకు అప్పగించాలి. అప్పగించినదాన్ని ముక్కలు చేస్తారని తుపాకుల దుకాణం చీనా ఆయన చెప్పాడు. అది నాకు నచ్చలేదు. పనికొచ్చే వస్తువు పనిచేసేవాడి చేతిలో ఉండాలి. గడువు చూస్తే ఐదు వారాలే ఉంది.

ఆ దుకాణం ఆయనే దారి చూపించాడు. లైసెన్సు ఉన్నవాళ్ళు మాత్రమే ఉండే ఫోన్ గ్రూపు ఒకటి ఆయన నడుపుతున్నాడు. అందులో పాత తుపాకీలు వేలం వేస్తాడు. తుపాకీ దుకాణంలో తాళం కింద ఉంటుంది, ఫోటోలు మాత్రం ఊళ్ళు తిరుగుతాయి. పాట ముగిశాక కొన్నవాడూ అమ్మినవాడూ స్టేషనుకి వెళ్ళి కాగితాలు మార్చుకోవాలి. “ముందు ఫోటోలు తీసి పంపండి అంకుల్. నంబరు బాగా కనపడాలి” అన్నాడు.

ఫోటోలు ఎలా తీస్తారో చూద్దామని మా అమ్మాయి పరదేశాల వేలం పేజీలు తెరిచింది. తను పోర్ట్ క్లాంగ్‌లో ఒక గోడౌన్ ఆఫీసులో పనిచేస్తుంది. నాకు అరవై రెండో ఏట అక్షరాలు నేర్పింది కూడా తనే. ముందు తెలుగు, తర్వాత మలాయి భాష రాసే రూమీ అక్షరాలు, అంటే ఇంగ్లీషు లిపే. కూడబలుక్కుని చదువుతాను, అర్థం తెలియకపోతే అడుగుతాను. సిగ్గు పడే వయసు దాటిపోయింది.

“ఇదేటి రాసినాడు?”

“చెక్క మీద గీత ఉందని, నాన్నా.”

“వాడి సరుకు మీద గీతుందని వాడే సెప్పుకుంటన్నాడా?”

“ఫోటో కూడా తీసినాడు లా. ఇదిగో, దగ్గిరగా.” మాట చివర ‘లా’ తగిలించడం ఇక్కడి అలవాటు.

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. “పెళ్ళిసూపులనాడు నీకు ఎడం సెవి ఇనపడదని ఎవుడైనా సెప్పినాడేటి మావా? తుపాకీ కొన్నోడికున్న బాగ్గెం నాకు లేదు.”

మా ఆవిడ తుపాకీని సవితి అంటుంది. అన్నం కంటే ముందు దానికే నూనె పెట్టేవాణ్ణని ఆమె ఫిర్యాదు. అబద్ధం కాదు.

నాకు ఆ పేజీల పిచ్చి పట్టుకుంది. ఒకదానికి భుజానికి ఆనించే మడమ చెక్క మీద కుక్క పళ్ళ గాట్లు, వాటికీ ఫోటో. ఒకటి చెరువులో పడితే పైకి తీశారట, అదీ రాశారు. ఎవరు వీళ్ళు? కుక్క కొరికిన తుపాకీ ఎవడు కొంటాడు? మర్నాడు చూస్తే దానికే పోటీ పడుతున్నారు! ప్రతి తుపాకీకీ గొట్టం కింద, ఎడమ చెయ్యి ఆనించే చెక్క ఊడదీసి, లోపలి ఇనుముకీ ఒక ఫోటో ఉంటుంది. ఎందుకని అడిగితే అమ్మాయి “ఏమో నాన్నా” అంది.

ఆదివారం పొద్దున్నే తూటా లేదని రెండుసార్లు చూసుకుని, అరుగు మీద పేపరు పరిచి తుపాకీ పెట్టాం. అమ్మాయి అటూ ఇటూ తిరిగి తీసింది. ట్రిగ్గర్ పైన పక్కభాగానికి వచ్చి ఆగిపోయింది.

“నంబరేది నాన్నా?”

అక్కడ గోరంత మందాన ఎర్రగా, నల్లగా ఒక పెచ్చు ఉంది.

నేను ఏటా ఆయుధ పూజనాడు కత్తికీ, పురుగుమందు కొట్టే ట్యాంకుకీ, మోటారు సైకిలుకీ పసుపూ కుంకుమా పెడతాను. తుపాకీకీ పెట్టేవాణ్ణి. ఎక్కడ పెట్టాలి? ఒకచోట ఏదో చెక్కి ఉంది. నాకప్పుడు అక్షరం రాదు, అంకె రాదు. అదేదో ముచ్చటగా చెక్కిన ముఖం లాంటిది అనుకున్నాను. ముప్పైకి పైగా బొట్లు ఒకదాని మీద ఒకటి అక్కడే పడ్డాయి. చదువు వచ్చాక కూడా చెయ్యి అక్కడికే వెళ్ళేది. ఏటా స్టేషనులో చూపిస్తే పుస్తకం చూసి, నా ముఖం చూసి ముద్ర కొట్టేసేవారు. ఇదంతా అమ్మాయికి చెప్పాను.

“ఏటి సేసినావు నాన్నా! అది మొకం కాదు, నంబరు!”

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “బొట్టెట్టి బొట్టెట్టి నా సవితిని గుడ్డిదాన్ని సేసినాడు.”

అమ్మాయి గరుకు కాగితం తేవడానికి లేచింది. ఎందుకైనా మంచిదని నేను దుకాణానికి ఫోన్ చేశాను. ఆయన కేక నా ఎడం చెవికి కూడా వినపడింది.

“తక్ బొలే లా, కూడదు అంకుల్! నంబరు గీకితే జైలు! నూనె, దూది, అంతే!”

నాలుగు రోజులు కొబ్బరినూనె రాసి దూదితో అద్దాను. ఆరంకెల్లో నాలుగు బయటపడ్డాయి. తక్కిన రెండు చోట్లా కుంకుమ కింద చెమ్మ చేరి ఇనుము గుంటలు పడిపోయింది. ఫోటో చూసి దుకాణం ఆయన మెత్తగా మాట్లాడాడు. “నాలుగు అంకెలతో వేలం వెయ్యలేను. అప్పగించెయ్యండి అంకుల్.”

భక్తితో చేసిన పని ఇది. మంట ఎవరి మీద చూపించను? ఊరికే కూర్చోలేక మళ్ళీ ఆ పరదేశాల పేజీలే తిప్పాను. కుక్క గాట్ల తుపాకీ మళ్ళీ కనపడింది. చెక్క ఊడదీసిన ఫోటో పెద్దది చేశాను. లోపల ఇనుము మీద అంకెలు. పైనున్న ఫోటోలోనూ అవే అంకెలు.

“అమ్మీ, ఇలగ్గా రా. ఈడు ఒకే నంబరు రెండుసోట్ల సూపిస్తన్నాడు.”

తుడిచినప్పుడల్లా ఆ చెక్క ఊడదీస్తూనే ఉన్నాను. లోపల ఏదో చెక్కి ఉందని నా బొటనవేలికి ఎప్పటినుంచో తెలుసు. చదవాలని మాత్రం తోచలేదు. రోజూ పట్టుకునే వస్తువును ఎవడు చదువుతాడు? ఊడదీశాను. అక్కడికి బొట్టు చేరలేదు. నేను ఒక్కొక్క అంకే పైకి చదివాను, అమ్మాయి లైసెన్సు పుస్తకంలో వేలు పెట్టి చూసుకుంది.

ఆరూ కలిశాయి.

దుకాణం ఆయన తుపాకీని స్టేషనుకి తీసుకెళ్ళి చూపించి, సరే అనిపించుకున్నాడు. గ్రూపులో పెట్టేముందు ఆయన “పక్కన మరక ఉంది” అని రాశాడు. నేను ఒప్పుకోలేదు. రూమీలో నేనే రాసి ఇచ్చాను: “యజమాని ఏటా పూజలో కుంకుమ పెట్టినందువల్ల బయట రెండంకెలు పోయాయి. తప్పు యజమానిది. లోపలి నంబరు బాగుంది.”

“ఇలా రాస్తే ఎవరు కొంటారు అంకుల్?”

“కుక్క కరిసింది కొన్నారు, ఇది కొనరా?” అన్నాను. ఆయనకేమీ అర్థం కాలేదు.

మొదటి రోజు ఒక్కడూ పలకలేదు. రెండో రోజు అరటితోట ఉన్న ఒక తమిళాయన అడిగాడు, బొట్టు పెట్టిన తుపాకీకి పందులు బాగా పడ్డాయా అని. “తప్పించుకున్నవే ఎక్కువ” అని రాశాను. ఆయన పాట పెంచాడు. ఇంకెవరో పెంచారు. చివరికి ఆయనకే దక్కింది, గడువుకి తొమ్మిది రోజుల ముందు.

స్టేషనులో సంతకం నేనే పెట్టాను. బయటికి వచ్చాక ఆయన తమిళంలో అడిగాడు. “అయ్యా, ఆయుధ పూజకి నేనూ పెడతాను. ఎక్కడ పెట్టమంటారు?”

“చెక్క మీద పెట్టు. ఇనుము జోలికి పోకు.”

పూజ వెళ్ళిన మర్నాడు ఆయన అమ్మాయి ఫోనుకి ఒక ఫోటో పంపాడు. ఆ పరదేశులను చూసి నేర్చుకున్నట్టే దాన్ని పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి చూశాను. బొట్టు మడమ చెక్క మీదే ఉంది. ఇనుము పక్కభాగం మీద నాలుగంకెలు నూనె మెరుపుతో శుభ్రంగా కనపడుతున్నాయి.

“ఎలగున్నాదేటి నా సవితి?” అంది మా ఆవిడ.

“బాగుంది. నువ్వే సూడు” అని ఫోను ఇచ్చాను. ఆమె కొంగుతో ఫోను అద్దం తుడిచి, బొట్టు దగ్గరికి జరిపి చూసింది.