నలుగురి ముఖాలకే ఆగిపోయే ఫోను, మా నాగమణక్క

నిన్న పొద్దున మా అంగన్‌వాడీ సెంటర్‌లో పిల్లలకి అన్నం వండుతుంటే కాల్ వచ్చింది. నాగమణక్క లేదంట.

ఏ నాగమణి అన్నాను. పిచ్చిదానిలా రెండుసార్లు అడిగాను.

గుండెపోటు. హాస్పిటల్ దాకా కూడా పోలేదు.

తెలియనివాళ్ళకి చెప్తున్నా. అక్కది మార్టూరు దగ్గర మా పక్కూరు. ఇరవై ఏళ్ళుగా అంగన్‌వాడీ టీచర్. నేను చేరిన కొత్తల్లో రిజిస్టర్ రాయడం నేర్పింది తనే. తిట్టి మరీ నేర్పింది.

ఇప్పుడంతా ఫోనేగా. కడుపుతో ఉన్నామెకి గుడ్లు, పాలు ఇవ్వాలంటే యాప్‌లో ముఖం పడాలి, కెమెరా ఆమెని గుర్తుపట్టాలి.

మిరప కోతలప్పుడు ఆడోళ్ళు ఆరింటికల్లా ఆటో ఎక్కేస్తారు. అందుకే అక్క ఫోన్ పట్టుకుని ఆటో దగ్గరికే వెళ్ళేది. డ్రైవర్‌ని కేకలేసి ఆపి, ఒక్కొక్కళ్ళ ముఖం పట్టేది.

ఈసారి కోతలకి ముందు ఆఫీసు మాకిచ్చిన ఫోన్లకి అప్‌డేట్ వచ్చింది. నొక్కమన్నారు, నొక్కాం.

అంతే. ఫుల్ ఛార్జింగ్ పెట్టినా నలుగురి ముఖాలు పట్టేసరికి ఫోన్ ఆఫ్. చెయ్యి కాలేంత వేడి. రిపేర్ షాపాయన బ్యాటరీ మార్చినా మళ్ళీ అదే. అప్‌డేట్ అయిన దగ్గర్నుంచీ అన్నీ ఇలాగే వస్తున్నాయమ్మా అన్నాడు.

మీటింగులో మా పై ఆఫీసర్ మేడమ్ మాత్రం, ఫోన్ వాడటం రాక సాకులు చెప్తున్నారన్నారు. మేమంతా తలలు దించుకున్నాం.

అక్క లేచింది. అప్పుడే ఛార్జింగ్ తీసిన ఫోన్‌లో యాప్ తెరిచి, మేడమ్ ముందు బల్ల మీద పెట్టింది.

"చూస్తూ ఉండండి మేడమ్. ఇది ఆగిపోయేదాకా నేను కూర్చోను" అంది.

మోకాళ్ళ నొప్పులు మనిషికి. టీ వచ్చినా తాగలేదు. మేడమ్ ఏదో మాట్లాడుతున్నారు గానీ కళ్ళన్నీ ఫోన్ మీదే. అరగంటకి స్క్రీన్ నల్లబడింది. అప్పుడు కూర్చుంది.

అయినా ఆఫీసువాళ్ళు ఫోన్ మార్చలేదు. అదీ చెప్పాలి.

తర్వాత వారం, ఏడో నెల సుజాత వంతుకి ఫోన్ ఆగిపోయింది. ముఖం పడకపోతే ఇవ్వొద్దని రూల్. అక్క గుడ్లు, పాలు చేతిలో పెట్టి పాత రిజిస్టర్‌లో సంతకం తీసుకుంది.

ఎందుకక్కా రిస్కు అన్నాను.

"ఫోన్ చచ్చిందని కడుపులో బిడ్డని పస్తు పెట్టమంటావా? సిగ్గులేదటే నీకు?" అంది. ఆ తిట్టు నాకు ఇంకా తగులుతూనే ఉంది.

మెమో వచ్చింది. ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో చెప్పమని.

మెమో వల్లే పోయిందని నేననను. బీపీ ఎప్పట్నుంచో ఉంది. కానీ ఆఖరి వారం రోజులూ ఆ కాగితం బ్యాగులో పెట్టుకుని తిరిగింది. అది మాత్రం అంటాను.

నిన్న సాయంత్రం కోతల ఆటో పొలం నుంచి నేరుగా అక్క ఇంటికే వచ్చింది. సుజాత చేతుల నిండా కారం. కళ్ళు తుడుచుకోడానికి లేదు. అలాగే ఏడ్చింది.

మెమోకి గడువు ఎల్లుండి. మనిషే లేదు కదా, ఫైల్ మూసేస్తామన్నారంట ఆఫీసులో.

మూయనివ్వం. జవాబు లేకుండా మూసి, తప్పు చేసి పోయిందని రాసుకుంటారా?

ఈరోజు పొద్దున నా ఫోన్ కూడా ఆగింది. నేనూ రిజిస్టర్‌లో సంతకం తీసుకుని సరుకులు ఇచ్చేశాను. మెమో వస్తుందని తెలుసు. ఇచ్చేశాను.

ఎల్లుండి అక్కదీ నాదీ రెండు రిజిస్టర్లూ పట్టుకుని ఆఫీసుకి నేనే వెళ్తున్నా. నాకూ ఒక మెమో ఇవ్వమంటా. మన టీచర్లలో రాగలిగినోళ్ళు రండి.

అక్కా, నువ్వు ప్రశాంతంగా ఉండు. ఆఫీసు గొడవ మేం చూసుకుంటాం.