ఒంటిగంట అంకె

ఆ మందుల పంపిణీ కంపెనీలో ఆయన్ని అందరూ ఒంటిగంట బాబాయ్ అనేవారు. అసలు పేరుతో జీతాల విభాగానికి తప్ప ఎవరికీ అవసరం పడలేదు.

ఆయన పని కంప్యూటర్ గదిలో. బయట హాల్లో నలభై కౌంటర్లు. ఆస్పత్రులూ మందుల షాపులూ పంపే ఆర్డర్లన్నీ అక్కడ ఒకే అప్లికేషన్‌లోకి ఎక్కుతాయి. ఆ అప్లికేషన్‌కు పుట్టుకతోనే ఒక జబ్బు ఉంది. పని కోసం మెషీన్ దగ్గర తీసుకున్న మెమరీని పని అయ్యాక పూర్తిగా తిరిగి ఇవ్వదు. కొంచెం కొంచెంగా అట్టేపెట్టుకుంటుంది. మెమరీ నిండితే నలభై కౌంటర్లూ ఒక్కసారే బిగుసుకుపోతాయి. దాన్ని రాసినతను ఉద్యోగం మానేసి వెళ్ళేటప్పుడు, "రోజుకోసారి ఆపి మళ్ళీ లేపండి, ఏ గొడవా ఉండదు" అని చెప్పి వెళ్ళాడు. కౌంటర్లవాళ్ళు భోజనానికి లేచే ఒంటిగంటకు ఆ పని పెట్టి, ఆయనకు అప్పగించారు. అప్లికేషన్‌కు ఐదు భాగాలు, ఒకదాని తరవాత ఒకటి, వరస తప్పకుండా లేపాలి. ఏడు నిమిషాలు పడుతుంది.

మొదటి ఏడాది ఒకరోజు ఆయన సెలవు పెట్టాడు. బదులు కూర్చున్నతను రెండోదానికంటే ముందు మూడోదాన్ని లేపాడు. సాయంత్రం దాకా ఒక్క మందు పెట్టె కదల్లేదు. మర్నాడు మేనేజరు ఎవర్నీ ఏమీ అనలేదు. "నువ్వుండి ఉంటే ఇలా జరిగేది కాదు" అన్నాడంతే. ఆయన ఆ మాటను మెచ్చుకోలుగా తీసుకున్నాడు. ఆ తరవాత పధ్నాలుగేళ్ళలో పనిరోజు ఒంటిగంటకు ఆయన ఆ గదిలో లేకపోవడం ఎవరూ చూడలేదు.

ఆపబోయే ముందు, మెమరీ ఎంత శాతం నిండిందో ఒక పొడుగు నోటుబుక్కులో రాసేవాడు. తేదీ, అంకె, పక్కన పొట్టి సంతకం. అలా ఏడు పుస్తకాలయ్యాయి. రాయమని ఎవరూ చెప్పలేదు, చూపించమని ఎవరూ అడగలేదు.

ఒంటిగంటా ఐదు నిమిషాలకు ఆయన ఫోను మోగేది. భార్య. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టేది.

"మా సవతి లేచిందా?"

"లేస్తోంది. ఇంకా రెండు నిమిషాలు."

"నాకు జ్వరమొస్తే మాత్ర పేరు చెప్పి ఊరుకుంటారు. దానికి ఒళ్ళు వెచ్చబడకముందే పక్కన కూచుంటారు. పెట్టి పుట్టింది."

"నీకు నోరుంది, చెప్పుకుంటావు. దానికి లేదుగా."

"సరే, అది లేచాక తినండి. క్యారేజీ అలాగే వెనక్కి తేకండి."

ఆవిడకు కిడ్నీలు పాడయ్యాక వారానికి రెండుసార్లు, పదకొండు నుంచి మూడు దాకా ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చేది. ఆయన పొద్దున దింపేవాడు, సాయంత్రం ఇంటికి వెళ్ళి చూసేవాడు. మధ్యలో పక్కన ఉండేది మరదలు. అక్కడ మంచం మీద నుంచి కూడా ఆవిడ ఒంటిగంటా ఐదుకు ఫోను చేసేది. గొంతు నీరసంగా ఉండేది. అడిగేది మాత్రం అదే మాట.

మూడేళ్ళ కిందట ఒకరోజు పన్నెండున్నరకు మరదలు ఫోను చేసింది. "బావగారూ, అక్కకి బాలేదు. మిమ్మల్ని అడుగుతోంది. వచ్చెయ్యండి."

"ఒంటిగంటది చూసుకుని వచ్చేస్తానమ్మా. అరగంటే."

అంకె రాశాడు, సంతకం పెట్టాడు, ఐదూ లేపాడు, పరుగెత్తాడు. ఆస్పత్రి చేరేసరికి రెండు కావడానికి పది నిమిషాలుంది. ఆవిడ పోయి అరగంటయింది. మరదలు నిష్ఠూరమాడలేదు. కర్మకాండలన్నీ అయ్యాక వెళ్ళిపోయే రోజున, చెప్పులు వేసుకుంటూ, "ఒంటిగంట దాటిందా అని రెండుసార్లు అడిగిందండీ" అంది.

దానికి ఆయన దగ్గర ఒక జవాబు ఉండేది. పైకి ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు తాను కదిలి ఉంటే నలభై కౌంటర్లు ఆగేవి, ఎక్కడో ఇంకెవరి భార్యకో మందు అందేది కాదు. మూడేళ్ళుగా దాన్ని పట్టుకునే నిలబడ్డాడు.

ఈ ఏడాది ఒక కొత్త ఇంజినీరమ్మాయి వచ్చింది. అప్లికేషన్ల మీద కన్నేసి ఉంచే మానిటరింగ్ టూల్ పెట్టడం ఆమె పని. మెమరీ నిండిపోతుంటే అదే పసిగట్టి, మనిషికి కబురు పంపుతుంది. మొదటి రోజే కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"పదిహేను సెకన్లకోసారి మెమరీ ఎంత వాడుతోందో చూస్తుంది బాబాయ్. ఎప్పుడో ఒక్కసారి పైకి లేస్తే గోల చెయ్యకూడదు. కిందికి దిగినప్పుడు ఎంత మిగులుతోంది, ఆ మిగులు గంటగంటకీ పెరుగుతోందా, అదీ చూడాల్సింది."

"ఒకటో తారీఖున ఆర్డర్లు మూడింతలొస్తాయమ్మా. ఆ రోజు ఎలాగూ పెరుగుతుంది. మర్నాటికి దిగుతుంది. దాన్ని జబ్బనుకోకూడదు."

"చూశారా, మీరు చెప్పకపోతే ఒకటో తారీఖున నా ఫోను మోగి మోగి చచ్చేది." ఆమె ఆ షరతు కూడా ఎక్కించింది. "పాత లెక్కలేమైనా ఉంటే బావుండేది. ఎంత వేగంతో పెరుగుతుందో తెలిసేది."

ఆయన బీరువా తెరిచి ఏడు పుస్తకాలూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె ఒకటి తీసి పేజీలు తిప్పింది. "బంగారం బాబాయ్ ఇది. నెలకో వారం చాలు. మీరు చదవండి, నేను కంప్యూటర్లో కొడతాను."

మర్నాడు పొద్దున మొదలుపెట్టారు. తొంభై ఒకటి. ఎనభై ఎనిమిది. తొంభై మూడు. ఆయన గొంతులో కొంచెం గర్వం కూడా వినిపించింది. నాలుగు పుస్తకాలు అలాగే నడిచాయి. ఐదోదాంట్లో రెండో పేజీ తిప్పి, "తొమ్మిది" అన్నాడు.

"తొంభయ్యా?"

"తొమ్మిదే. తరవాతది ఎనిమిది. మళ్ళీ తొమ్మిది."

ఆమె చేతులు ఆగాయి. "ఇక్కడేం జరిగింది?"

"మెషీన్లు మార్చారు. పాతవాటికి పదింతల మెమరీ అన్నారు. ఐదేళ్ళయింది."

"అయ్యో బాబాయ్, మరి ఎవరూ చెప్పలేదా మీకు?" ఆమె నవ్వేసింది. "రోజంతా నడిచి తొమ్మిదంటే, నిండటానికి పదకొండు రోజులు పడుతుంది. మీరు పదిరోజులకోసారి లేపినా సరిపోయేది."

ఆయన పుస్తకంలోకి చూశాడు. తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది, తొమ్మిది. అంతా తన చేతిరాతే. ఒక్కొక్క అంకె శ్రద్ధగా, కొట్టివేత లేకుండా రాసి ఉంది. రాసిన రోజున రాశాడు, నిన్నటిదాన్ని ఏనాడూ తిరిగి చదవలేదు.

"చదవండి బాబాయ్."

ఆయన చదివాడు. ఆరో పుస్తకం తీశాడు. ఆమె అడిగిన వారాలు వదిలేసి, అడగని పేజీ ఒకటి, మూడేళ్ళ కిందటిది, తిప్పాడు. మిగతావాటికంటే ఆ రోజు సంతకం కొంచెం వంకరగా ఉంది, అంతే తేడా.

"ఎనిమిది" అన్నాడు.

"ఏ తేదీ?"

ఆమె తలెత్తి చూసింది. ఆయన వేలు ఆ అంకె మీదే ఉంది. ఆమె నీళ్ళ సీసా ఆయన వైపు జరిపి, తెర వైపు తిరిగింది.

బయట కుర్చీలు జరుగుతున్న చప్పుడైంది. ఒంటిగంట. ఆయన లేచి ఆపేసే తెర ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"ఇవాళ్టినుంచి లేపొద్దు బాబాయ్" అంది ఆమె మెల్లగా. "తెర మీద మెమరీ గీత ఎంతవరకు పెరుగుతుందో చూడాలి. రెండు రోజుల్లో నిండుతుందనగా మీ ఫోనుకే కబురొస్తుంది. అప్పుడు తీరిగ్గా రావచ్చు. ఇంట్లో ఉన్నా, ఎక్కడున్నా."

"ఎక్కడున్నా" అన్నాడాయన.

"ఇప్పుడొకటి పంపి చూస్తాను, వస్తోందో లేదో."

ఆయన చొక్కా జేబులో ఫోను మోగింది. గోడ గడియారంలో ఒంటిగంటా ఐదు. వెంటనే తీయలేదు. జేబు మీద అరచెయ్యి ఆనించి, మోత ఆగేదాకా ఉన్నాడు.

"వచ్చిందా బాబాయ్?"

"వచ్చిందమ్మా."

"ఏముంది?"

ఆయన కళ్ళజోడు సరిచేసుకుని ఫోను కొంచెం దూరంగా పట్టుకున్నాడు. పుస్తకంలో అంకెలు చదివిన గొంతుతోనే చదివాడు.

"ఇది పరీక్ష మాత్రమే. మీరు చేయవలసిందేమీ లేదు."