మాస్టారి గుర్రం నిదానంగా నడిచింది

2023 వానాకాలం. రాజమండ్రిలో మా కంప్యూటర్ సర్వీస్ షాపు ముందు నీళ్లు నిలిచి, వీధంతా అందులో తలకిందులుగా ఊగుతోంది. ఆ మధ్యాహ్నం ధవళేశ్వరం నుంచి ప్రభాకర్ మాస్టారు, ఆయన భార్య సునీత గారు ఒక లాప్‌టాప్ తీసుకుని వచ్చారు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెబుతారు. మెట్టు ఎక్కేటప్పుడు ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకున్నారు.

"ఇందులో ఒక ఆట ఆడాలండి. ఆగి ఆగి వస్తోంది," అన్నారు మాస్టారు.

కాలేజీ రోజుల్లో ఆయన దగ్గర టీవీకి తగిలించుకుని ఆడే గేమ్ కన్సోల్ ఉండేదట. అందులో ఒక ఆట. గుర్రం మీద ఒక మనిషి గడ్డి మైదానాలు దాటుకుంటూ సముద్రాన్ని వెతుక్కుంటూ వెళతాడు. అతను సముద్రం చేరకముందే కన్సోల్ పాడైంది. డిస్కు మాత్రం మాస్టారు దాచుకున్నారు. ఇప్పుడు ఆయన కంట్లో రెటీనా కొద్దికొద్దిగా దెబ్బతింటోంది. చూపు చుట్టూ నుంచి మూసుకుంటూ వచ్చి, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్తే మిగిలింది. అదైనా ఎన్నాళ్లుంటుందో డాక్టర్లు చెప్పలేకపోయారు.

"కాకినాడ దగ్గరే కదండీ. అసలు సముద్రమే చూసి రావచ్చుగా," అన్నాను.

"అది చూశానండి. ఇది చూడలేదు," అన్నారాయన.

సునీత గారు నవ్వారు. "పెళ్లయిన కొత్తలో చెప్పారండి ఈ ఆట సంగతి. అప్పట్నుంచీ ఆ గుర్రం దారిలోనే ఉంది."

పాత కన్సోల్ చేసే పనిని కంప్యూటర్ చేత చేయించే సాఫ్ట్‌వేర్‌ను ఎమ్యులేటర్ అంటారు. ఆ డిస్కులోని ఆటను ఆయన స్నేహితుడెవరో లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఎమ్యులేటర్ కూడా పెట్టిచ్చాడు. కానీ ఆ లాప్‌టాప్‌లో ఉన్నది ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్. బొమ్మలు గీయడానికి విడిగా కార్డు ఉండదు, ప్రాసెసర్‌లోనే ఒక భాగం ఆ పని చూసుకుంటుంది. దానికి సొంత మెమరీ కూడా ఉండదు, ర్యామ్‌లోనే వాటా తీసుకోవాలి. ఈ లాప్‌టాప్‌లో ర్యామ్ స్టిక్ ఒక్కటే ఉంది. అంటే వచ్చేపోయే సమాచారానికంతా ఒకటే దారి. గుర్రం నాలుగడుగులు వేసి ఆగిపోతోంది, ఆటలోని పాట ముక్కలుగా వినిపిస్తోంది.

లాప్‌టాప్ నా దగ్గర వదిలి వెళ్లమన్నాను. పక్క స్లాటులో అలాంటిదే రెండో ర్యామ్ స్టిక్ వేశాను. దారులు రెండయ్యాయి. ఎమ్యులేటర్‌లో రిజల్యూషన్, అంటే బొమ్మలోని చుక్కల లెక్క, తగ్గించాను. మర్నాటికి ఆట ఎక్కడా తడబడకుండా పూర్తి వేగంతో నడిచింది. నాకు చాలా సంతోషమనిపించింది.

వాళ్లు వచ్చాక మాస్టారి చేతికి గుర్రాన్ని నడిపే కంట్రోలర్ ఇచ్చాను. గుర్రం గాలిలా దూసుకుపోయింది. ఆయన కాసేపు ఆడి, కంట్రోలర్ పక్కన పెట్టేశారు.

"ఏంటండీ, బాలేదా?"

"బానే ఉందండి. నాకే అందట్లేదు. నేను చూపు తిప్పేలోపే దాటిపోతోంది." మొహమాటంగా అన్నారు. "మొన్నటిదే నయమనిపిస్తోందండి."

నాకు ఉసూరుమంది. పాత స్టిక్ ఒక్కటే ఉంచేద్దామా అనుకున్నాను కూడా. అప్పుడు స్పీడ్ లిమిట్ గుర్తొచ్చింది. ఆట ఎంత వేగంతో నడవాలో ఎమ్యులేటర్‌కి మనమే చెప్పొచ్చు. ఇంతకుముందు మెషీన్‌కి శక్తి చాలక నడక తెగిపోయేది. ఇప్పుడు శక్తి ఉంది కనుక నిదానంగా నడిపించినా తెగదు. వేగం సగానికి తగ్గించాను.

గుర్రం నీళ్ల అడుగున నడుస్తున్నట్టు నడిచింది. డెక్కల కింద లేచిన దుమ్ము గాలిలోనే తేలుతూ ఉండిపోయింది. పాట సాగి సాగి లోతుగా మోగింది.

"మా చర్చిలో ఆర్గన్‌లా ఉంది," అన్నారు సునీత గారు మెల్లగా.

మాస్టారు ముందుకు వంగారు. "గడ్డి ఊగుతోంది, సునీతా. ఇందులో గడ్డి ఊగుతుందని నాకు ఇన్నాళ్లూ తెలీదు."

ప్రింటర్ కోసం వచ్చినాయన కూడా తన పని చెప్పకుండా అలా నిలబడి చూస్తూ ఉండిపోయాడు.

కొన్ని వారాల తర్వాత సునీత గారు ఫోన్ చేశారు. మాస్టారు రోజూ స్కూలు నుంచి వచ్చాక ఆడుతున్నారట. ఆయనకు కనిపించని పక్కల సంగతి ఆవిడ చెబుతున్నారట, ఎడమవైపు కొండ ఉందనీ, కుడివైపు దారి ఉందనీ.

"నిన్న సాయంత్రం చేరామండి."

"ఏమన్నారు మాస్టారు?"

"గుర్రాన్ని అలల్లో నిలబెట్టి చాలాసేపు చూశారండి. తర్వాత కంట్రోలర్ నా చేతిలో పెట్టి, ఇక నువ్వు నడిపించు, నేను వింటాను అన్నారు."

మా పనిలో స్క్రీన్ మూలన ఒక అంకె కనిపిస్తుంది, సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయో చెప్పేది. అది పెరిగితే పని అయిపోయినట్టే అని ఆ ఫోన్ వచ్చేదాకా అనుకున్నాను. ఇప్పుడు ఎవరు ఆటల కోసం మెషీన్ తెచ్చినా, దాన్ని విప్పకముందు వాళ్లనే కాసేపు ఆడమంటాను. పక్కన కూర్చుని, వాళ్ల మొహం చూస్తాను.