వాటా మార్పించిన దగ్గు

మొన్న రైల్లో ఎదుటి బెర్తు అమ్మాయి దువ్వాడ దాటిన దగ్గర్నుంచీ దగ్గుతూనే ఉంది. దగ్గు కన్నా, అందరి నిద్రా చెడగొడుతున్నానన్న సిగ్గుతో ఎక్కువ ముడుచుకుపోయింది. ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసిచ్చి, నా దిండు కూడా ఆమె వీపు వెనక పెట్టాను. ‘థాంక్సండీ’ అంది. ఆ మాట అందాల్సిన మనిషి వేరే ఉంది.

డెబ్బైల చివర్లో మా ఆయనకు రేవులో ఉద్యోగమొస్తే, గోదావరి వైపు నుంచి చంటిపిల్లతో వచ్చి విశాఖ పాతనగరంలో కాపురం పెట్టాం. ఇంటికి రెండు వాటాలు. వీధి వైపుది మాది. పెరటి వైపు శ్రీకాకుళం ప్రాంతపు భార్యాభర్తలు ఉండేవారు. ఆవిడను అక్కా అని పిలిచేదాన్ని. మధ్యగోడ కప్పుదాకా లేదు. వాళ్ల పోపు ఘాటు మాకు, నా దగ్గు వాళ్లకు. ఆ చలికాలం మొదట్లో పట్టుకుందది. పగలంతా బాగానే ఉండి, నడుం వాల్చగానే మొదలయ్యేది. మిరియాల కషాయం తాగాను, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాను. మా ఆయన తెచ్చిన తియ్యటి సీసా మందుకు చీమలు పట్టాయి గాని దగ్గు కదల్లేదు. చలికాలం సగమయ్యేసరికి వీధిలో వాళ్లు తమ పిల్లల్ని మా గుమ్మం నుంచి వెనక్కి పిలుచుకోసాగారు. క్షయ అన్న మాట ఎవరూ పైకి అనలేదు. నాకూ అదే భయం. పాపను తండ్రి దగ్గర వదిలి వంటగదిలో పడుకునేదాన్ని. అది నాకోసం ఏడుస్తుంటే చెవులు మూసుకునేదాన్ని.

ఒక పొద్దున్న అక్క తిన్నగా లోపలికొచ్చి పాపను చంకనేసుకుని నా దగ్గరికొచ్చింది. “అక్కా, దాన్నిలా ఇవ్వకు, నాకేముందో ఏమో” అన్నాను. “ఏటుందో సూపించుకోకుండా ఏడిస్తే తెలుత్తాదేటి? నడు, ఆసుపత్రికెల్దాం. నానొస్తన్నాను” అంది.

ఎక్స్‌రే చూసి డాక్టరుగారు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయనీ, నాకు దుమ్ము పడటం లేదనీ చెప్పారు. మాత్రలు రాసి, తల ఎత్తుగా పెట్టుకుని దుమ్ము లేని గదిలో పడుకోమన్నారు. నేను అక్కడే భోరుమన్నాను. దుమ్ము లేని గది ఎక్కడిది? రేవు గాలికి కొట్టుకొచ్చే ఇనప ఖనిజం దుమ్ముతో మా వీధి వైపు కిటికీ అంచు రోజూ ఎర్రబడేది.

సాయంత్రం అక్క తన ట్రంకుపెట్టె ఈడ్చుకుంటూ వచ్చింది. “ఇయ్యాల్నించి పెరటేపు మీది, ఈదేపు మాది.”

“మరి మీకు దుమ్ము?”

“మాకేటవుద్ది సెల్లీ? మీ బావ పడుకున్నాడంటే తుపానొచ్చినా లెగడు. నీ దగ్గొక్కటే లేపింది!”

వెనక నుంచి బావగారు మంచం మోసుకొస్తూ, అవునన్నట్టు బుద్ధిగా తలూపారు.

మందులకు, ఆ గదికి కలిపి దగ్గు మెల్లగా తగ్గింది. ఒక రాత్రి పాపను పక్కలో వేసుకుని కళ్లు మూశాను. తెరిచేసరికి బాగా తెల్లారిపోయింది. అవతలి వాటాలో అక్క గిన్నెలు చప్పుడు కాకుండా సర్దుకుంటోంది.

తర్వాత వాళ్లు తగరపువలస వైపు వెళ్లిపోయారు. చిరునామాలు మారి జాడ తప్పింది. మెలకువగా గడిపిన ఎన్నో ఏళ్లు మసకబారాయి గాని, ఒళ్లు తెలియకుండా నిద్రపోయిన ఆ ఒక్క రాత్రిని మాత్రం కాలం నా దగ్గరే వదిలేసింది.